తపాలా పెట్టెకు తాళం: బెంగళూరులో ఈమెయిలు గోప్యత

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఆరంభించిన విద్యా పరిశోధనల కంప్యూటరు జాలం ఎర్నెట్‌లో భారతీయ విజ్ఞాన సంస్థ తొలి భాగస్వాములలో ఒకటి కావడంతో, బెంగళూరులో ఈమెయిలు కొంతకాలం పరిశోధకుల సౌకర్యంగానే ఉండిపోయింది. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న దేశంలో ఇంటర్నెట్ సేవను ప్రారంభించాకనే సామాన్యుల వంతు వచ్చింది.

సర్వరులో చేరిన ఉత్తరాలను సొంత కంప్యూటరులోకి దించుకునే పద్ధతిని ‘పాప్’ అంటారు. దానికి కేటాయించిన ద్వారం, అంటే పోర్టు, సంఖ్య 110. ఆ దారిలో ‘యూజర్’ అన్న ఆదేశం వెంట పేరు, ‘పాస్’ అన్న ఆదేశం వెంట పాస్‌వర్డ్, వాటి వెనుక ఉత్తరం మొత్తం ఉన్నవి ఉన్నట్టే సాగిపోయేవి గనుక, మధ్యలో తీగను పట్టి చూడగలవాడికి దాపరికమేమీ ఉండేది కాదు.

దీనికి మందు గుప్తీకరణ, అంటే తాళంచెవి లాంటి సంఖ్య ఉన్నవారే చదవగలిగేలా ఉత్తరాన్ని మార్చడం, వాడుకలో ఎన్‌క్రిప్షన్. కాని 1998లో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచిన ఇంటర్నెట్ విధానం వెంట వచ్చిన లైసెన్సు షరతులు 40 బిట్ల తాళంచెవి దాకానే స్వేచ్ఛనిచ్చి, అంతకు మించితే ముందస్తు అనుమతి తీసుకోవాలనీ, విప్పే చెవిని రెండు భాగాలుగా ప్రభుత్వం వద్ద దాఖలు చేయాలనీ విధించాయి. నలభై బిట్లంటే సుమారు 1.1 లక్షల కోట్ల చెవులు. వినడానికి అపారమే గాని, అలాంటి తాళాన్ని ఫ్రాన్సులో ఒక పరిశోధకుడు నూరు పైచిలుకు కంప్యూటర్లతో ఎనిమిది రోజుల్లో ఛేదించినది కూడా మన దేశంలో ఇంటర్నెట్ సేవ మొదలైన 1995 ఆగస్టులోనే.

అమెరికా తన ఎగుమతి ఆంక్షలను 2000 జనవరిలో సడలించడంతో 128 బిట్ల సాఫ్ట్‌వేరు ఎల్లెడలా సులభంగా చేతికందింది. 40 బిట్ల షరతు కాగితం మీదే నిలిచింది. 2004 చివర జీమెయిల్ పాప్ సౌకర్యం ఇచ్చినప్పుడు గుప్తీకరణను తప్పనిసరి చేయడంతో, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే ఈమెయిలు సాఫ్ట్‌వేరు వాడేవారు ‘అడ్వాన్స్‌డ్’ పుటలో గుప్తీకరణను కోరే ఎస్ఎస్ఎల్ గడికి టిక్కు పెట్టవలసి వచ్చేది. పెట్టగానే 110 తనంతట తానే 995గా మారేది గాని, పంపే ఉత్తరాలకు మాత్రం 465 అని చేత్తో కొట్టుకోవలసిందే. గూఢలిపి శాస్త్రమంతా సామాన్యుడికి ఆ ఒక్క గడిగా కుదించుకుపోయింది.

గుప్తీకరించిన సమాచారపు మామూలు ప్రతిని పౌరులు 90 రోజులు భద్రపరచాలన్న ముసాయిదా విధానాన్ని కేంద్రం 2015 సెప్టెంబరులో వెలువరించి, గగ్గోలు రేగగానే ఆ నెల 22న వెనక్కి తీసుకుంది. అప్పటికే చేతి ఫోన్లలో ప్రధాన ఈమెయిలు సేవలకు చిరునామా, పాస్‌వర్డ్ ఇస్తే చాలు, మిగిలిన అమరిక తనంతట తానే పూర్తయ్యేది. టిక్కు పెట్టవలసిన ఆ గడి చాలామందికి కనిపించడమే మానేసింది.