కాలిన గాయాలు: శరీరంలో రసాయన స్పందన

1993 మార్చి 8న గుంటూరు జిల్లా చిలకలూరిపేట సమీపంలో దోపిడీకి దిగినవారు పెట్రోలు చల్లి ఆర్టీసీ బస్సును తగలబెట్టారు. 23 మంది ప్రాణాలు పోయాయి. ఇలాంటి మంటల నుంచి బయటపడ్డవారికీ గండం గడిచినట్టు కాదు. అసలు పోరాటం రక్తంలో అప్పుడే మొదలవుతుంది.

అంతకంటే ముందు తెలిసేది మంట. వేడి 43 డిగ్రీల సెల్సియస్ దాటితే నరాల కొసల్లోని టీఆర్‌పీవీ1 గ్రాహకం తెరుచుకుంటుంది. గుంటూరు మిరపలోని క్యాప్సైసిన్ తాకేదీ దీన్నే. 1997లో దీన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ దక్కింది.

కారం మంట కాసేపటికి చల్లారుతుంది. తీవ్రమైన కాలిన గాయం అలా కాదు. దెబ్బతిన్న కణజాలం హిస్టమిన్, బ్రాడీకైనిన్, ప్రోస్టాగ్లాండిన్లను విడుదల చేస్తుంది. సన్నని రక్తనాళాల గోడలు సడలి ప్లాస్మా బయటికి జారుతుంది. పెద్దల్లో చర్మం ఐదో వంతుకు మించి కాలితే, కాలని భాగాలూ వాచిపోతాయి. రక్తపోటు పడిపోతుంది. చితికిన కణాల పొటాషియం రక్తంలో చేరి గుండె లయను చెదరగొట్టగలదు.

అందుకే తొలి గంటలు అమూల్యం. ఎక్కించాల్సిన ద్రవాన్ని లెక్కగట్టే పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం, చర్మం 40 శాతం కాలిన 60 కిలోల మనిషికి 24 గంటల్లో 9.6 లీటర్ల సెలైన్ వంటి ద్రవం కావాలి. అందులో సగం, కాలిన క్షణం నుంచి లెక్కించిన 8 గంటల్లోనే ఎక్కించాలి. మూత్రం ఎంత వస్తోందో చూస్తూ వైద్యులు మోతాదు మారుస్తారు.

తర్వాతి దశ నెలల తరబడి సాగుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ ఉప్పొంగి శరీరం తన కండలనే కరిగించుకుంటుంది. మాంసకృత్తులు దండిగా ఉన్న ఆహారం అప్పుడు మందుతో సమానం. గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనొలాల్ కాలిన పిల్లల్లో కండ క్షయాన్ని నెమ్మదింపజేస్తుందని 2001లో అమెరికా వైద్యులు చూపారు.