షెడ్యూల్: ఒక్క మాట, ఎన్నో అర్థాలు

పరీక్షల షెడ్యూల్ అంటే తేదీల పట్టిక. భూమి దస్తావేజు చివర ఉండే షెడ్యూలు అంటే సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపుల హద్దులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా షెడ్యూల్ హెచ్. రిజర్వు బ్యాంకు చట్టం రెండో షెడ్యూల్‌లో పేరున్నది షెడ్యూల్డ్ బ్యాంకు. మరి ‘షెడ్యూల్డ్ కులం’ అన్నప్పుడు ఈ మాటకు అర్థమేమిటి?

‘తక్కువ’ అని కాదు, ‘వెనకబడిన’ అని కూడా కాదు. ‘జాబితాలో పేరున్న’ అని మాత్రమే.

మాట పుట్టుక

లాటిన్‌లో దీని మూలానికి అర్థం చిన్న కాగితం ముక్క. ఇంగ్లీషులోకి వచ్చాక, అసలు పత్రానికి జతచేసే కాగితం అయింది. తర్వాత ఆ కాగితంలోని జాబితాకే ఆ పేరు స్థిరపడింది. కాలపట్టిక అనే అర్థం చివరగా వచ్చింది. మనకు బాగా అలవాటైనది అదే. చట్టం మాత్రం పాత అర్థాన్నే వాడుతోంది.

కులాల ముందుకు ఎలా వచ్చింది?

బ్రిటిష్ ప్రభుత్వం అంటరాని కులాలను మొదట ‘అణగారిన వర్గాలు’ అనేది. 1935 భారత ప్రభుత్వ చట్టం ‘షెడ్యూల్డ్ కులాలు’ అనే పేరు తెచ్చింది. 1936 ఉత్తర్వు రాష్ట్రాలవారీగా ఆ కులాల పేర్లను షెడ్యూల్‌లో చేర్చింది. రాజ్యాంగం ఆ పదాన్ని కొనసాగించింది.

ఇక్కడ విద్యార్థులు తరచూ తికమకపడతారు. రాజ్యాంగంలో 12 షెడ్యూళ్లున్నాయి. ఎస్సీ కులాల జాబితా వాటిలో దేనిలోనూ లేదు. అది 341వ అధికరణం కింద రాష్ట్రపతి 1950లో జారీచేసిన ఉత్తర్వుకు జతచేసిన షెడ్యూల్‌లో ఉంది. ఎస్టీల జాబితాకు 342వ అధికరణం కింద వేరే ఉత్తర్వు ఉంది.

షెడ్యూల్డ్ తెగ, షెడ్యూల్డ్ ప్రాంతం కూడా ఒకటి కావు. మొదటిది మనుషుల జాబితా, రెండోది ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే నేల. హైదరాబాద్‌లో ఉండే కోయ విద్యార్థి ఎస్టీయే, కానీ ఉంటున్నది షెడ్యూల్డ్ ప్రాంతంలో కాదు. ఏజెన్సీలో ఇల్లున్న గిరిజనేతరుడు ఎస్టీ అయిపోడు. 1/70 భూబదలాయింపు నిబంధన వర్తించేది ఆ నేలకు.

జాబితాలో ఉండటం, లేకపోవడం

రిజర్వేషన్, అట్రాసిటీ చట్టం రక్షణ, స్కాలర్‌షిప్పు అన్నీ ఈ కాగితం మీదే నిలబడ్డాయి. అందుకే దాని షరతులు తెలియాలి.

ఒకటి, జాబితా రాష్ట్రానికి సంబంధించినది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న ఒక విద్యార్థి బొంబాయి మెడికల్ కాలేజీలో సీటు కోరిన కేసులో, సొంత రాష్ట్రంలోని హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. వివక్ష సరిహద్దు దాటి వెంట వస్తుంది, హోదా మాత్రం రాదు.

రెండు, ఒకసారి ప్రకటించిన జాబితాలో పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాలి. రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇస్తే చాలదు.

మూడు, మతం. 1950 ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను మొదట ప్రధానంగా హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను పూర్తిగా చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు బయటే ఉండిపోయారు. ఎస్టీల ఉత్తర్వులో ఇలాంటి మత షరతు లేదు. మాలపల్లెలో, మాదిగవాడలో చర్చికి వెళ్లే కుటుంబానికి ఊరు చూపే వివక్ష మారకపోయినా, చట్టం లెక్క మారిపోతుంది.

నాలుగు, వర్గీకరణ. ఎస్సీ జాబితాను ఉపవర్గాలుగా విడదీయకూడదని 2004లో సుప్రీంకోర్టు అంది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేశాయి. దీనివల్ల ఏ కులమూ జాబితా నుంచి పోలేదు, కొత్తగా చేరలేదు. మారింది లోపలి పంపకమే.

కుల ధ్రువపత్రం చేతికి రాగానే అందులో కులం పేరు మీ రాష్ట్ర షెడ్యూల్‌లో ఉన్నట్టే ఉందో లేదో సరిచూసుకోండి. షెడ్యూల్‌ను రాసి ఉన్నది ఉన్నట్టే చదవాలని, సాక్ష్యాలతో దాన్ని సాగదీయకూడదని సుప్రీంకోర్టు 2000లో స్పష్టం చేసింది. తేడా ఉంటే అడ్మిషన్ గడువు దాకా ఆగకుండా ముందే తహసీల్దారు కార్యాలయంలో దిద్దించుకోవాలి.