తెల్లని పూడిక – దాని అడుగున అస్తరు

మార్కాపురము, గిద్దలూరు సీమలలో పెద్దల తాంబూలపు పెట్టె నెఱుగనివా రుండరు. అందలి సున్నమునకును, లవంగమునకును పంటిపూడికల చరిత్రలో స్థానము కలదనిన కొందఱికి వింతగా తోచవచ్చును.

పుచ్చిన భాగమును తొలగించి, ఆ గుంటను నింపుటయే పూడిక. ముందుపంటిలో వెండిరంగు పూడిక యెవరికిని రుచింపదు. కావుననే పంటిరంగు పదార్థమునకై అన్వేషణ సాగెను. 1904 ప్రాంతమున జర్మనీలో సిలికేటు సిమెంటు వెలసినది. చూపునకు ముచ్చటగానే యుండెడిది గాని, దానిలోని ఆమ్లము పంటి లోపలి సజీవమైన గుజ్జును బాధించెడిది. అందుచేత కోటునకు అస్తరు వేసినట్లు, వైద్యులు పూడిక క్రింద వేఱొక పూత నుంచసాగిరి.

అట్టి అస్తరులలో నొకటి జింకు ఆక్సైడును లవంగనూనెలోని యూజినాలుతో కలిపిన ముద్ద. ఇది నొప్పిని శమింపజేయును. పాదరసపు పూడిక క్రింద చక్కగా పనిచేసెను. వేఱొకటి కాల్షియం హైడ్రాక్సైడు. అనగా శుద్ధిచేసిన తడిసున్నమే.

1962లో అమెరికాలో బోవెను పేటెంటు పొందిన రెజిను, నేటి తెల్లపూడికలకు మూలమైనది. అప్పుడొక చిక్కు వచ్చెను. యూజినాలు ఆ రెజిను గట్టిపడుటకు అడ్డము. పాతపూడికకు మిత్రమైనది క్రొత్తదానికి శత్రువయ్యెను. సున్నపు అస్తరు అట్లు చెఱుపదు; కాని పంటికి గట్టిగా అంటదు, కాలక్రమమున కరగిపోవచ్చును. కావున నేడు దానిని మిక్కిలి లోతైన చోట మాత్రమే పలుచగా వేయుదురు.

1972లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు విల్సను, కెంటు ప్రకటించిన గ్లాసు అయొనోమరు సిమెంటు పంటికి తానే అంటుకొనును. కొద్దికొద్దిగా ఫ్లోరైడును విడుచును. దానిని అడుగున వేసి, పైన రెజిను నింపు పద్ధతి యేర్పడెను.

ఫ్లోరైడనిన మన సీమవారు ఉలికిపడుదురు. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో నీటి ఫ్లోరైడు వలని వ్యాధిని ప్రకటించిరి. కనిగిరి, పొదిలి అప్పుడా జిల్లాలోనివి. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఇవి యొక్క జిల్లాలో చేరినవి. బాల్యమున అట్టి నీరు త్రాగినవారి పండ్లపై గోధుమవన్నె మరకలు, గుంటలు పడును. పెండ్లిచూపులలో నోరువిప్పి నవ్వజాలని బిడ్డల దుఃఖము మన యిండ్లలోనిదే. సిమెంటు విడుచు ఫ్లోరైడు అత్యల్పము, దానికి జంకనక్కఱలేదు. అయితే వ్యాధి ముదిరిన పంటి పైపొర, రెజిను పట్టుటకై పూయు ఆమ్లమునకు సులభముగా లొంగదు. అందుచేత అట్టి పంటికి వైద్యుడు ఎక్కువ శ్రద్ధ వహింపవలెను.

పంటినొప్పికి లవంగనూనె పెట్టుట మన ఆచారము. తప్పు లేదు, కాని తెల్లపూడికకు పోవునపుడు ఆ మాట వైద్యునితో చెప్పవలెను. పన్ను శుభ్రపఱచి, తగిన అస్తరు నెంచుకొనుట ఆయన పని. లోతులేని గుంటకు అస్తరే అక్కఱలేకపోవచ్చును. చవుడెక్కిన గోడకు వెల్ల యెంత మంచిదైనను పెచ్చులూడును గదా! పూడికయు అట్టిదే. దాని తెలుపును మాత్రమే చూడక, అడుగున నేమి వేసితిరని కూడ అడుగుడు.