సికింద్రాబాదు వర్తకుని పన్ను లెక్క
సుంకము మొదలు విలువ ఆధారిత పన్ను వఱకు

వాణిజ్యము మన కులమునకు వృత్తి మాత్రమే కాదు, విద్య కూడ. కొనుట, అమ్ముట, లెక్క వ్రాయుట అని ఆ విద్యకు మూడంగములు. మొదటి రెండింట మనవారి నేర్పు లోకవిదితము. మూడవదానియందు, అందును పన్ను లెక్కయందు, చిన్న అంగడుల వారికి వెఱపు మెండుగా నుండుట చూచి, దాని చరిత్రమును కీలకమును ఈ సంచిక మూలమున సోదరులకు విన్నవింపబూనితిమి.

వర్తకునినుండి రాజు పన్ను గైకొనుట క్రొత్త కాదు. మనుస్మృతి సప్తమాధ్యాయమున దీనికొక నియమము కలదు. సరకు కొన్న వెల యెంత, అమ్మిన వెల యెంత, ఎంత దూరమునుండి తెచ్చెను, దారిలో భోజనాదులకును రక్షణకును ఎంత వ్యయమయ్యెను అను నివి యెల్ల విచారించిన పిదపనే పన్ను విధింపవలెనని దాని తాత్పర్యము. మన తెలుగునాట కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరమున మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము సుప్రసిద్ధము. గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు హరించుచుండగా, ఆయన నిర్ణీతమైన సుంకము మాత్రము గైకొని తక్కినది వర్తకులకే విడిచెను. ఇంతయని తెలిసిన పన్ను వర్తకునకు అభయమేయని దీనివలన మనము గ్రహింపవలెను.

ఇక మన పట్టణము మాట. 1802లో నిజామునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన వాణిజ్యసంధిలో సరకుల వెలపై నూటికి 5 వంతున సుంకము నిర్ణయింపబడెను. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట సికింద్రాబాదు వెలసెను. దండు ననుసరించి అంగళ్లు వచ్చెను. జనరల్ బజారు, రాణీగంజు, మోండా మార్కెట్టు క్రమముగా పెంపొందెను. ఇచ్చటి వర్తకునకు లెక్క మొదటినుండియు ద్విగుణమే. హాలీ సిక్కా యొకటి, ఇంగ్లీషు రూపాయి యొకటి. సుమారుగా 7 హాలీ రూపాయలు 6 ఇంగ్లీషు రూపాయలకు సరి. ఈ మారకమును గుమాస్తాలు త్రైరాశికముచే నోటనే తేల్చుచుండిరి. ఆ త్రైరాశికము పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన నాటినుండి తెలుగున నున్నదే.

అమ్మకపు పన్ను మాత్రము ఇటీవలిది. మద్రాసు రాష్ట్రమున 1939లోను, హైదరాబాదు రాష్ట్రమున 1950లోను దీనికి చట్టములు వచ్చెను. రెండు ప్రాంతములు కలిసిన పిమ్మట 1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టము వాని స్థానమున నిలిచెను. ఆ పద్ధతియందలి లోపమేమనగా, ముందు కట్టిన పన్ను సరకు వెలలో కలిసిపోయి, ఆ పెరిగిన వెలపై మరల పన్ను పడుచుండెను. పన్నుపై పన్నన్నమాట.

ఈ దోషమునకు మందును 1954లో ఫ్రాన్సు దేశమున మోరిస్ లోరే అను అధికారి రూపొందించెను. ప్రతి చేతియందును పెరిగిన విలువపై మాత్రమే పన్ను పడునట్లు చేయుట ఆ పద్ధతి. మన దేశమున 1986లో ఎక్సైజు సుంకమునందు దీని ఛాయ ప్రవేశించెను. 2005 జనవరిలో అసీం దాస్‌గుప్తా అధ్యక్షతన గల రాష్ట్రమంత్రుల సంఘము శ్వేతపత్రము వెలువరించెను. వర్తకసంఘములు దేశమంతట నిరసించెను, అంగళ్లు మూసెను. అయినను 2005 ఏప్రిల్ 1న మన రాష్ట్రమున విలువ ఆధారిత పన్ను, అనగా వ్యాట్, అమలయ్యెను. నాటి ఆర్థికమంత్రి మన కులతిలకుడు కొణిజేటి రోశయ్యగారే. బంగారు వెండులకు నూటికి 1, అనేక నిత్యోపయోగ వస్తువులకు 4, తక్కిన వానికి 12½ చొప్పున రేట్లు ఏర్పడెను.

పంతులు పని చేసినవారమగుటచే ఉదాహరణముననే చెప్పుదుము. 12½ రేటు గల సరకొకటి రాణీగంజులో టోకున 800 రూపాయలు. నూటికి 12½ అనగా ఎనిమిదవ వంతు. రూపాయికి రెండణాలు, పెద్దల మాటలో పరక. కావున పన్ను 100. జనరల్ బజారు వర్తకుడు 900 ఇచ్చి కొని, 1000 వెల కట్టి, 125 పన్ను చేర్చి 1125కు అమ్మెను. సర్కారునకు అతడు కట్టవలసినది 125 కాదు. తాను ముందిచ్చిన 100 పోగా 25 మాత్రమే. అతడు చేర్చిన విలువ 200. అందు ఎనిమిదవ వంతు 25. లెక్క సరిపోయినది.

పెక్కురు తడబడునది వెనుకకు పోవు లెక్కయందు. 1125 మొత్తములో పన్నెంతయన్నచో, 1125పై 12½ కట్టి 140 రూపాయల 62½ పైసలని చెప్పువారు కలరు. అది తప్పు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతమున రచించిన లీలావతిలో విలోమవిధి యని యొక ప్రకరణము కలదు. ఒక రాశికి దాని యంశమునే చేర్చియున్నచో, వెనుకకు మరలునపుడు హారమునకు లవమును కూడి క్రొత్త హారము చేసికొని, ఆ యంశమును తీసివేయవలెనని అందలి భావము. ఎనిమిదింట ఒకటి చేర్చితిమి గనుక తొమ్మిదింట ఒకటి తీయవలెను. 1125లో తొమ్మిదవ వంతు 125. పైన పరక, లోపల తొమ్మిదవ వంతు: ఇంతే రహస్యము. అన్నియు కలిపి 1000 రూపాయలని చెప్పి అమ్మిన సరకునకు పన్ను 111 రూపాయల 11 పైసలు. దానికి 125 కట్టువాడు తన లాభమునుండి దాదాపు 14 రూపాయలు ఊరక పోగొట్టుకొనుచున్నాడు.

కచ్చా చీటీపై సరకు కొనుట దీనికంటె పెద్ద నష్టము. పై సరకునే బిల్లు లేక 850కు ఇత్తుమని ఒకడు చెప్పెననుకొందము. 900కు బదులు 850 గదా, 50 మిగిలెనని అంగడివాడు సంతసించును. కాని బిల్లు లేనందున ముందు పన్ను తగ్గింపు లేదు. అమ్మినపుడు 125 యంతయు తానే కట్టవలెను. బిల్లుతో కొన్నవానికి మిగులు 200, ఇతనికి 150. మిగిలెనన్న 50 నిజమునకు పోయిన 50. అమ్మకమును కూడ దాచి దానిని పూడ్చుకొనజూచువాడు చట్టమునకు చిక్కును. తాతలనాటి పేరును పోగొట్టుకొనును.

పిదప 12½ రేటు 2010లో 14½ అయ్యెను. 4 రేటు 2011లో 5 అయ్యెను. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన పిమ్మటను అదే పద్ధతి సాగెను. 2017 జులై 1న వస్తుసేవల పన్ను, అనగా జీఎస్టీ, దాని స్థానమున వచ్చెను. పెట్రోలు, డీజిలు, మద్యము మాత్రము వ్యాట్ క్రిందనే నిలిచినవి. 2025 సెప్టెంబరు 22 నుండి 12, 28 రేట్లు చాల వస్తువులకు తొలగి, ముఖ్యముగా 5, 18 మిగిలెను. పేరు మాఱినను గణితము మాఱలేదు. 5 రేటున మొత్తములో ఇరువదియొకటవ వంతు పన్ను; 18 రేటున 118కి 18 వంతు, కావున 1180లో 180. రాష్ట్రములోపలి అమ్మకమైనచో ఇందు సగము కేంద్రమునకు, సగము రాష్ట్రమునకు.

క్రొత్తగా వచ్చిన నియమమొకటి మనవారు మఱువరాదు. 2022 జనవరి 1 నుండి, అమ్మినవాడు తన పత్రములో ఆ బిల్లును చూపిననే గాని కొన్నవానికి తగ్గింపు లభింపదు. చేత బిల్లున్నంతమాత్రమున చాలదు. కావున సరకు వెలను బేరమాడునట్లే, అమ్మువాని నడవడిని కూడ విచారించి కొనవలెను. ఒకని సత్యము వేరొకని లాభమునకు ఆధారమైనది.

పూర్వము చిట్టా ఆవర్జాలు నేర్వని బాలునకు అంగడిలో గద్దెపై చోటు లేదు. నేడు లెక్కను పరుల చేతికి విడిచి, వారు వ్రాలు చేయుమన్నచోట చేయు అలవాటు ప్రబలుచున్నది. యంత్రము కూడును, హెచ్చించును. కాని వెల లోపలి పన్నా, వెల పైని పన్నా యని తెలిసికొనవలసినది మనిషియే. మన సంఘ విద్యార్థివసతిగృహములందు వారమున కొక దినమైన ఈ లెక్క నేర్పునట్లు సంఘాధిపతులును పోషకులును ఏర్పాటు గావింతురు గాక. బిల్లు పక్కాగా నున్న అంగడి పదికాలములు నిలుచునని మా దృఢవిశ్వాసము.