ఎర్ర సిరా లేని గది

1967లో న్యూయార్క్‌లో కొందరు రచయితలూ టీచర్లూ కలిసి ఒక చిన్న సంస్థ పెట్టారు. పేరు టీచర్స్ అండ్ రైటర్స్ కొలాబరేటివ్. చెయ్యాలనుకున్న పని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: రచయితలు బడికి వెళ్లి పిల్లలతో రాయించాలి. వెళ్లిన రచయిత ఆ రోజు క్లాసులో ఏం జరిగిందో డైరీ రాసి సంస్థకి అప్పజెప్పాలి. ఏది కుదిరింది, ఏది బెడిసికొట్టింది, అన్నీ. ఆ మొదటి పదేళ్ల చరిత్ర 1979లో ఫిలిప్ లొపేట్ సంపాదకత్వంలో పుస్తకంగా కూడా వచ్చింది.

డబ్బూ అవకాశాలూ లేని పిల్లల చేత కథలూ కవితలూ రాయించే స్వచ్ఛంద సంస్థలు ఇవాళ చాలా దేశాల్లో ఉన్నాయి. వాటి వంశవృక్షం గీస్తే ఒక ముఖ్యమైన వేరు ఇక్కడ తేలుతుంది. ఈ చరిత్ర నేను కుతూహలం కొద్దీ చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఇది సంస్థల చరిత్ర కంటే ఒక తగువు చరిత్ర అనిపించింది. పిల్ల రాసిన వాక్యం ఎవరిది? దాన్ని దిద్దే హక్కు ఎవరికుంది? దిద్దకుండా వదిలేస్తే ఆ పిల్లకి మేలు చేసినట్టా, కీడు చేసినట్టా?

కొలాబరేటివ్‌కి మొదటి డైరెక్టర్ హెర్బర్ట్ కోల్. అంతకు కొన్నేళ్ల ముందు హార్లెమ్‌లో ఆరో తరగతికి పాఠాలు చెప్పాడు. ఆ అనుభవంతో రాసిన '36 చిల్డ్రన్' కూడా 1967లోనే వచ్చింది. ఆ పుస్తకంలో సగం గొంతు పిల్లలదే. వాళ్లు రాసిన కథలూ పురాణాలూ తమ వీధి గురించి చెప్పిన మాటలూ పేజీలకి పేజీలు ఉంటాయి. చదువు రాదని వ్యవస్థ తేల్చేసిన పిల్లలు, అడిగేవాడుంటే ఇంత రాస్తారా అన్న ఆశ్చర్యం అప్పటి పాఠకులకి కలిగింది. ఇవాళ చదివినా కలుగుతుంది.

కెనెత్ కోక్‌ది ఇంకో దారి. అప్పటికే పేరున్న కవి, యూనివర్సిటీ ప్రొఫెసర్. 1968లో మన్‌హాటన్ లోయర్ ఈస్ట్ సైడ్‌లోని పీ.ఎస్. 61 అనే ప్రభుత్వ బడికి వెళ్లాడు. పిల్లలకి ఛందస్సు చెప్పలేదు, ప్రాస వద్దన్నాడు. ఒక ఆట ఇచ్చాడు: ప్రతి లైనూ 'నాకు ఫలానాది కావాలని ఉంది' అని మొదలవ్వాలి, అందులో ఒక రంగు, ఒక కామిక్ బొమ్మ, ఒక ఊరో దేశమో ఉండాలి. క్లాసంతా తలా ఒక లైన్ రాస్తే అన్నీ కలిపి ఒకటే కవిత. స్పెల్లింగ్ గురించి బెంగ అక్కర్లేదు. అక్కడ చాలామంది ప్యూర్టో రికన్ పిల్లలు. స్పానిష్ మాటలు కలిపి రాసే ఆట కూడా పెట్టాడు. ఇంట్లో మాట్లాడే మాటకి బడి నోట్‌బుక్‌లో చోటు దొరికింది. 1970లో వచ్చిన 'విషెస్, లైస్ అండ్ డ్రీమ్స్' ఈ కథంతా చెబుతుంది.

కోక్‌ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. ఇదంతా గమ్మత్తు ఫార్ములా, కవిత్వం కాదు అన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ పుస్తకం పేరులోని రెండో మాట చూడండి: అబద్ధాలు. పేద పిల్లల్ని రాయమన్నప్పుడు పెద్దవాళ్లు వాళ్ల నుంచి ఎప్పుడూ నిజాలే ఆశిస్తారు. తాగే తండ్రి, కారే కప్పు, అర్ధాకలి. అబద్ధమాడే స్వేచ్ఛ, అంటే ఊహించే స్వేచ్ఛ, కాస్త కలిగినవాళ్ల పిల్లలకే అన్నట్టు ఉంటుంది. కోక్ ఆ స్వేచ్ఛని లోయర్ ఈస్ట్ సైడ్ పిల్లలకి ఇచ్చాడు. నాకైతే అది చిన్న విషయంగా కనిపించదు.

*

ఈ చరిత్రలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది మాత్రం జూన్ జోర్డన్ దగ్గర. 1936లో హార్లెమ్‌లో పుట్టింది, జమైకా నుంచి వలస వచ్చిన తల్లిదండ్రులు, పెరిగింది బ్రూక్లిన్‌లో. కొలాబరేటివ్ తరఫున 1967లో టెరీ బుష్ అనే టీచర్‌తో కలిసి నల్లజాతి పిల్లలకీ ప్యూర్టో రికన్ పిల్లలకీ శనివారాల్లో వర్క్‌షాప్ మొదలుపెట్టింది. తర్వాత అది బ్రూక్లిన్‌లోని ఫోర్ట్ గ్రీన్‌కి మారింది.

ఆ రోజులెలాంటివో గుర్తుచేసుకోవాలి. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి నవంబరు దాకా న్యూయార్క్ టీచర్ల సమ్మెతో బడులు వారాల తరబడి నడవలేదు. గొడవ మొదలైంది బ్రూక్లిన్‌లోనే, ఓషన్ హిల్-బ్రౌన్స్‌విల్ ప్రాంతంలో. నల్లజాతి పిల్లల బడి మీద అజమాయిషీ ఆ పేట వాళ్లదా, నగర విద్యాశాఖదా, టీచర్ల యూనియన్‌దా అన్నది తగువు. పెద్దవాళ్లంతా పిల్లల పేరు మీద కొట్లాడుకుంటున్న ఆ కాలంలో, శనివారం పూట ఒక గదిలో ఆ పిల్లలే కూచుని రాసుకుంటున్నారు. వాళ్ల రాతలతో 1970లో 'ద వాయిస్ ఆఫ్ ద చిల్డ్రన్' అనే సంకలనం వచ్చింది.

జోర్డన్ పట్టుదల ఒకటే. బ్లాక్ ఇంగ్లిష్ అంటే తప్పుల ఇంగ్లిష్ కాదు. దానికి దాని వ్యాకరణం ఉంది, లయ ఉంది, చూసే చూపు ఉంది. దాన్ని దిద్దడమంటే మనిషిని దిద్దడమే. 1971లో తన నవల 'హిజ్ ఓన్ వేర్' మొత్తం ఆ భాషలోనే రాసింది. అది మరుసటి ఏడు నేషనల్ బుక్ అవార్డు తుది జాబితా దాకా వెళ్లింది. ఈ పుస్తకం చదివితే మా పిల్లలకి మంచి ఇంగ్లిష్ రాదని కొందరు నల్లజాతి తల్లిదండ్రులే అడ్డుచెప్పారు. వాళ్లని తీసిపారేయలేం. ఉద్యోగం ఇచ్చేవాడు ఏ భాష అడుగుతాడో వాళ్లకి తెలుసు.

ఈ తగువు ఎంత దూరం పోతుందో జోర్డన్ 1985లో రాసిన ఒక వ్యాసంలో కనిపిస్తుంది. అప్పటికి ఆవిడ స్టోనీ బ్రూక్‌లో యూనివర్సిటీ విద్యార్థులకి పాఠాలు చెబుతోంది. బ్లాక్ ఇంగ్లిష్ మీద ఒక కోర్సు పెట్టి, ఆ భాష నియమాల్ని విద్యార్థుల చేతే రాయించింది. కోర్సు నడుస్తుండగా ఒక విద్యార్థి అన్నని బ్రూక్లిన్‌లో పోలీసులు కాల్చి చంపారు. అతని చేతిలో ఆయుధమేమీ లేదు. క్లాసంతా కలిసి పత్రికలకీ పోలీసులకీ ఉత్తరాలు రాయాలనుకున్నారు. ఏ భాషలో రాయాలి? ప్రామాణిక ఇంగ్లిష్‌లో రాస్తే ఎవరైనా చదువుతారేమో. తమ భాషలో రాస్తే చెత్తబుట్టలో పడటం ఖాయం. చాలాసేపు వాదించుకుని, ఫలితం తెలిసే, తమ భాషలోనే రాశారు. పత్రికలు వెయ్యలేదు.

ఇది చదివాక నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూచున్నాను. వాళ్లు చేసింది సరైన పనేనా? చచ్చిపోయిన మనిషికి న్యాయం జరగాలంటే వినేవాడి భాషలో మాట్లాడాలి కదా అనిపిస్తుంది. చంపినవాళ్ల భాషలోనే న్యాయం కూడా అడుక్కోవాలా అని కూడా అనిపిస్తుంది. రెండింట్లో ఏదీ తేలిక జవాబు కాదు. భాష దిద్దడమనేది ఎర్ర సిరాతో ఆగిపోయే వ్యవహారం కాదని మాత్రం అర్థమవుతుంది.

1991లో జోర్డన్ బర్క్‌లీలో 'పొయెట్రీ ఫర్ ద పీపుల్' మొదలుపెట్టింది. అక్కడి విద్యార్థులు హైస్కూళ్లకీ చర్చిలకీ జైళ్లకీ వెళ్లి కవిత్వం పంచుకున్నారు. 2002 జూన్‌లో ఆవిడ చనిపోయింది.

*

అదే 2002లో, బర్క్‌లీకి ఎదుటి ఒడ్డున శాన్ ఫ్రాన్సిస్కోలో, నీనివే కాలెగారి అనే టీచరూ డేవ్ ఎగ్గర్స్ అనే రచయితా '826 వలెన్సియా' తెరిచారు. పేరు ఆ ఇంటి నంబరూ వీధి పేరూ, అంతే. ఆ చోటు నిబంధనల ప్రకారం అక్కడ ఏదో ఒకటి అమ్మాలి. సరే అని సముద్రపు దొంగలకి కావాల్సిన సరుకుల కొట్టు పెట్టారు. కంటికి కట్టుకునే నల్లగుడ్డలు, గాజు కళ్లు. కొట్టు వెనక పిల్లలు రాసుకునే బల్లలు. మొదట్లో పిల్లలెవరూ రాలేదని ఎగ్గర్స్ 2008లో ఒక ప్రసంగంలో చెప్పాడు. ఆ పేట వాళ్లకి వీళ్లెవరో తెలీదు, నమ్మకం లేదు. బడులూ టీచర్లూ బాగా తెలిసిన కాలెగారి వచ్చి పగ్గాలు పట్టుకున్నాకే గది నిండింది.

ఆ కొట్టు ఉత్త తమాషా కాదు. 'వెనకబడిన పిల్లల కేంద్రం' అని బోర్డు పెడితే ఆ గుమ్మం తొక్కడానికే పిల్లలు సిగ్గుపడతారు. దొంగల కొట్టులోకైతే ఎవరైనా పరిగెత్తుకెళ్తారు. న్యూయార్క్‌లో సూపర్‌హీరోల సరుకుల కొట్టు, లండన్‌లో 2010లో దయ్యాల సరుకుల కొట్టుతో మినిస్ట్రీ ఆఫ్ స్టోరీస్ ఇదే బాటలో వచ్చాయి. 2009లో డబ్లిన్‌లో రాడీ డోయల్ 'ఫైటింగ్ వర్డ్స్' మొదలుపెట్టడానికీ ఇదే స్ఫూర్తి.

దిద్దుబాటు విషయంలో 826 జవాబు వేరేగా ఉంది. అక్కడ పిల్లల రాతలు నిజం పుస్తకాలుగా అచ్చవుతాయి. అచ్చవుతుందని తెలిస్తే పిల్లలే అయిదోసారీ పదోసారీ తిరగరాస్తారు. అంటే ఎర్ర సిరా మళ్లీ వచ్చింది, కానీ అర్థం మారింది. మార్కుల కోసం దిద్దేవాడు నువ్వెక్కడ తప్పావో చెబుతాడు. అచ్చు కోసం దిద్దేవాడు, నువ్వు చెప్పేది చదివేవాడికి అందుతోందా అని అడుగుతాడు. జోర్డన్ ప్రశ్న మాత్రం అక్కడే ఉంది: ఆ చదివేవాడెవడు? విరాళాలిచ్చే పెద్దమనిషా, పక్కింటి పిల్లాడా?

*

ఈ ప్రశ్నకి నేను చూసినవాటిలో గట్టి జవాబు ఢిల్లీ నుంచి వచ్చింది. 2001లో అంకుర్ అనే స్వచ్ఛంద సంస్థా, సీఎస్‌డీఎస్‌లోని సరాయ్ విభాగమూ కలిసి సైబర్‌మొహల్లా మొదలుపెట్టాయి. ముందు ఎల్ఎన్‌జేపీ కాలనీలో, తర్వాత దక్షిణ్‌పురిలో, ఆ తర్వాత యమున ఒడ్డున నాంగ్లా మాంచీ బస్తీలో. ఒక చిన్న గది, కొన్ని కంప్యూటర్లు, ఆ బస్తీ కుర్రకారు. రోజూ రాసుకోవడం, రాసింది ఒకరికొకరు చదివి వినిపించుకోవడం. మొదటి పాఠకుడు పక్కన కూచున్నవాడే.

2006లో నాంగ్లా మాంచీని కూల్చేశారు. బుల్డోజర్లు వస్తుంటే ఆ పిల్లలు రాస్తూనే ఉన్నారు. సర్వేలు, కాగితాలు, ఎవరికి ప్లాటు వస్తుందో రాదో అన్న గుబులు, అన్నీ. ఆ బృందంలో ఇరవైమంది రాతలు 2007లో హిందీలో 'బహురూపియా శహర్'గా, 2010లో శ్వేతా సర్దా అనువాదంతో ఇంగ్లిష్‌లో 'ట్రిక్‌స్టర్ సిటీ'గా వచ్చాయి. అందులో జాలి కోసం రాసిన వాక్యాలు వెతికినా దొరకవు. రాతలు బస్తీని కాపాడలేదు. కానీ ఆ బస్తీ అంటే మురికివాడ అన్న ఒక్క మాటే మిగలకుండా చూశాయి.

*

మన సంగతి? పిల్లల కోసం మనవాళ్లు చెయ్యలేదని కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియోలో, 'బాల' పత్రికలో ఎంతమంది పిల్లల చేత మాట్లాడించారో, రాయించారో. కానీ ఆ రోజుల్లో రేడియో ఉన్న ఇళ్లెన్నని? అంతకన్నా ముందే గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించే బళ్లు పెట్టారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మనకి గుర్తుంది, సవర బడి అంతగా గుర్తులేదు. నాకు మాత్రం ఆ రెండూ ఒకటే పని. ఇప్పుడు చాలాచోట్ల సర్కారు బడి టీచర్లు సొంత డబ్బుతో పిల్లల కథల సంకలనాలు వేస్తున్నారు. వాటిని సమీక్షించేవాళ్లే తక్కువ.

హైదరాబాద్‌లో ఒక బస్తీ లైబ్రరీకి కొన్ని ఆదివారాలు వెళ్లాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకసారి 'మా అమ్మ పొద్దుగాల్నే లేస్తది' అని రాసింది. పక్కనున్న పిల్లాడు తొంగిచూసి, "అట్ల కాదు, 'లేస్తుంది' అని రాయాలె" అన్నాడు. తను 'రాయాలె' అంటున్నట్టు వాడికి తెలీదు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "మా అమ్మ లేస్తది. మీ అమ్మ లేస్తుందేమో" అంది. అందరూ నవ్వారు. వాక్యం అలాగే ఉండిపోయింది.

పరీక్షలో ఆ వాక్యానికి మార్కు పోతుంది. ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పాలి కూడా. చెప్పకపోతే బాల్టిమోర్‌లోనో బస్తీలోనో ఉన్న ఏ తల్లీ మనని క్షమించదు. కానీ పరీక్ష బయట, ఆ వాక్యాన్ని అలాగే చదివే మనుషులు ఒక పదిమందైనా ఉండాలి. ఆదివారాలు బస్తీలకీ హాస్టళ్లకీ వెళ్లి పిల్లలతో రాయిస్తున్న మిత్రులు మీలో కొందరున్నారని నాకు తెలుసు. మీ పిల్లల రాతలతో పాటు మీ డైరీలు కూడా రాసిపెట్టండి. క్లాసు సరిగ్గా నడవని రోజు గురించి ముందు రాయండి.