హాలీవుడ్డునందలి చైనా చిత్రశాల - నామార్థవిచారము

ఊళ్ల పేళ్లనుబట్టి చరిత్రను దీయుట మన పరిశోధకులకుఁ బరిచితమైన మార్గమే. శాసనములలోని ‘పల్లి’, ‘కల్లు’, ‘పూఁడి’ మున్నగు నుత్తరపదములను జూచి గ్రామముల పూర్వస్థితిని విచారించుచున్నాము. కట్టడముల పేళ్లయెడ నంతటి శ్రద్ధ చూపుట యరుదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో లాస్ ఏంజెలెస్ నగరమున, హాలీవుడ్డు పెద్దవీథిలో, 1927 నుండి నిలిచియున్న ‘గ్రౌమన్స్ చైనీస్ థియేటర్’ అను చలనచిత్రశాల యట్టి విచారమునకుఁ దగినది. ఈ పేరు మూఁడు పదముల సముదాయము. మొదటిది షష్ఠ్యంతము, రెండవది తద్ధితాంతము, మూఁడవది విశేష్యము. విశేష్యమునందు వివాదము లేదు; అది చిత్రశాలయే. తక్కిన రెండుపదముల యర్థము మాత్రము కాలక్రమమున మాఱుచు వచ్చినది. ఆ మార్పును దెలిసికొన్నచో శాలచరిత్రమును జాలవఱకుఁ దెలిసికొన్నట్లే యని నా యభిప్రాయము.

శాలను గట్టించినవాఁడు సిడ్ గ్రౌమన్. బాల్యమునఁ దండ్రితోఁ గూడ నుత్తరమున క్లాండైకు బంగారుగనుల సీమకుఁ బోయి యచట వార్తాపత్రిక లమ్మినవాఁడు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో నగరము భూకంపముచేఁ గూలినపుడు గుడారము వేసి యందుఁ బ్రదర్శనములు జరిపినవాఁడు. 1918లో లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున మిలియన్ డాలర్ థియేటరును, 1922లో హాలీవుడ్డునందే ఈజిప్టు దేవాలయముల తీరున నింకొక శాలను దెఱచెను. దూరదేశపు దేవాలయమును దెచ్చి చిత్రశాలకుఁ దొడుగుట యతనికిఁ గలిసివచ్చిన విద్య. చైనాశాల పని 1926లో నారంభమైనది. వాస్తుశిల్పి మేయర్ అండ్ హాలర్ సంస్థలోని రేమండ్ కెన్నెడీ. వ్యయము ఇరువదిలక్షల డాలర్లకుఁ బైమాట. 1927 మే 18వ తేది రాత్రి, సెసిల్ బి. డిమిల్ తీసిన ‘ది కింగ్ ఆఫ్ కింగ్స్’ అను క్రీస్తుచరిత్ర మూకచిత్రముతోఁ దలుపులు దెఱచిరి. ఆనాఁడు వీథిలోఁ గూడిన జనము వేలకొలఁది. చోటు చాలక పెద్ద తోపులాట జరిగినది.

ఈ శాలలోనికిఁ బోవుతీరు మనవారికి సులభముగా బోధపడును. మన కోవెలలో గోపురము దాఁటి, ప్రాకారమున నడచి, ముఖమండపమున నొక్కింత నిలిచి, పిదప గర్భాలయమునెదుటికిఁ బోవుదుము గదా. ఇచటను నంతే. వీథినుండి కాలు పెట్టఁగనే ఆకాశమే కప్పుగాఁ గల విశాలమైన ముంగిలి. దానికి నిరుప్రక్కల నలువదియడుగుల యెత్తున వంపు దిరిగిన గోడలు. ఎదుట ముప్పదియడుగుల రాతి డ్రాగను, అనఁగాఁ బామువంటి మేనును గోళ్లును గల చైనీయుల కాల్పనికజంతువు. దాని కిరుప్రక్కల నెఱ్ఱని కంబములు, వానిపైఁ దొంబదియడుగులవఱకు లేచిన కంచుకప్పు, క్రింద ద్వారపాలకులవలె రెండు రాతిశునకములు. టిక్కెట్టు కొన్నవాఁడు వీథివెలుఁగునుండి యొక్క పెట్టునఁ జీఁకటిలోఁ బడక, అంచెలంచెలుగా లోకమును మఱచుచు లోనికిఁ బోవును. లోపలఁ జీనాదుస్తులు దాల్చిన పరిచారికలు చోటు చూపువారు. సామాన్యప్రేక్షకులకు మేడ లేదు. రెండువేల రెండువందలకుఁ బైగా నున్న యాసనములు దాదాపన్నియు నొక్కతలముననే యుండెను. నడికప్పున డ్రాగనులు చుట్టుకొన్న గొప్ప దీపవృక్షము వ్రేలుచుండెను.

చిత్రము వెంటనే మొదలుకాదు. తొలినాళ్లలో దినమునకు రెండే యాటలు. ప్రతి యాటకును ముందుగా గ్రౌమన్ తానే కూర్చిన రంగప్రదర్శన మొకటి నడచెడిది. ‘కింగ్ ఆఫ్ కింగ్స్’ చిత్రమునకు ముందు బైబిలుకథాదృశ్యములను వేదికపై జీవనటులచేతఁ జూపించిరి. దీనిని వారు ‘ప్రోలోగ్’ అందురు. ఉపోద్ఘాత మనుట కంటె భరతుఁడు చెప్పిన పూర్వరంగ మనుటయే నాకు సరిగాఁ దోఁచుచున్నది. పూర్వరంగముయొక్క ప్రయోజనము కథ చెప్పుట కాదు. సామాజికుల మనస్సును రంగమున నిలుపుట. పిదపఁ దెరపైఁ బొమ్మలు కదలును. మూకచిత్రము గనుక వాద్యబృందమును, పెద్ద ఆర్గనువాద్యమును వానికి గొంతు నిచ్చును. టాకీలు వచ్చిన కొన్నియేండ్లకు నీ పూర్వరంగ మంతరించినది. మాటలాడు తెరకు వేఱొకరి గొంతుతోఁ బని లేదు. జీతముల పట్టీయు దగ్గును.

తరువాతి చరిత్రమును ద్వరగాఁ జెప్పవచ్చును. 1939 ఆగస్టులో ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ చిత్రపు హాలీవుడ్డు తొలియాట యిచటనే జరిగినది. 1944, 1945, 1946 సంవత్సరములలో అకాడమీ బహుమతులను నిచటనే పంచిరి. 1968లో నగరపాలకులు దీనిని చారిత్రకస్మారకముగాఁ బ్రకటించిరి. 1977 మే 25న ‘స్టార్ వార్స్’ విడుదలైన కొలఁది శాలలలో నిది యొకటి. 2013లో లోపలి తలమును లోతుచేసి, ఆసనములను మెట్లుమెట్లుగాఁ బేర్చి, తొంబదినాలు గడుగుల వెడల్పు, నలువదియా ఱడుగుల యెత్తు గల ఐమాక్స్ తెరను గట్టిరి. ఆసనములు 932కు దిగినవి. ఈ 932 సంఖ్య తెలుఁగువారికిఁ గొంత తెలిసినదే. 2023 జనవరి 9న రాజమౌళి ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్ర మిచట నాడినపుడు టిక్కెట్లన్నియుఁ దొంబదియెనిమిది సెకండ్లలో నమ్ముడుపోయినవి. అంతకుముందు 2022 సెప్టెంబరులో నాడినపుడు పాట వచ్చునప్పటికి ప్రేక్షకులు లేచి తెరముందుకుఁ బోయి యాడిరి. ఒకప్పుడు పూర్వరంగమునకు జీతగాండ్రు నిలిచిన తావు అదియే.

ఇఁక షష్ఠ్యంతపదమును జూతము. ఆంగ్లమునఁ బేరు చివరి సకారము మన షష్ఠీవిభక్తికి సమానము. షష్ఠి సంబంధమును దెలుపును. ఆ సంబంధము మాత్ర మొక్కటే గాదు. ‘రాజుయొక్క సేవకుఁడు’ అన్నచో స్వస్వామిభావము, ‘చెట్టుయొక్క కొమ్మ’ అన్నచో నవయవావయవిభావము, ‘తండ్రియొక్క కొడుకు’ అన్నచో జన్యజనకభావము. 1927లో ‘గ్రౌమనుయొక్క శాల’ యన్నవారు స్వస్వామిభావమునే తలఁచియుందురు. కాని 1929లోనే యతఁడు తన భాగమును విలియం ఫాక్సుయొక్క శాలల సంస్థకు విక్రయించెను. స్వామిత్వము పోయినది, షష్ఠి పోలేదు. 1950లో మరణించువఱకు నతఁడు నిర్వాహకుఁడుగా నచటనే యుండెను. 1973లో టెడ్ మాన్ అనువాఁడు కొని, ‘మాన్స్ చైనీస్ థియేటర్’ అని పేరు మార్చెను. ఇది శుద్ధమైన స్వస్వామిభావము; కనుకనే స్వామి మాఱఁగనే నిలువలేదు. 2001లో గ్రౌమను పేరే మరల వచ్చినది. చనిపోయి యేఁబదియేండ్లైనవాని పేరు షష్ఠిలో మరల నిలుచుట జన్యజనకభావమువలననే పొసఁగును. 2013లో ‘టీసీఎల్’ అను సంస్థ ధనమిచ్చి నామాధికారమును గొన్నది. అప్పటినుండి ‘టీసీఎల్ చైనీస్ థియేటర్’. ఇందు సకారము లేదు. విభక్తి లోపించినది, పేరు సమాసమైనది. శాలకు స్వాములు వేఱొకరు గనుక వ్యాకరణ మిచటఁ దెలియకయే సత్యము పలికినదనవచ్చును.

జన్యజనకభావమునకు ముంగిలిలో లిఖితసాక్ష్యము గలదు. ఆ ముంగిలి నేలపై రమారమి రెండువందల సిమెంటుఫలకము లున్నవి. నటీనటులు తడి సిమెంటునఁ జేతులు, పాదములు నద్ది, పేరు వ్రాసి, తేది వేసినవి. వీనిని వేడుకవస్తువులుగాఁ జూచువారే యెక్కువ. 1937 నాఁటి ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’ చిత్రమున నాయిక యీ యడుగులలోఁ దన కాలుంచి కొలుచుకొనును. వచ్చువారందఱు నేఁటికి నట్లే చేయుదురు. నేనైతే వీనిని శాసనములనియే యందును. కర్త యున్నాఁడు, కాల మున్నది, స్థల మున్నది. మీఁదుమిక్కిలి సంబోధన మున్నది. పూర్వఫలకములలోఁ బెక్కింట ‘సిడ్’ అని గ్రౌమనునే పిలిచి వ్రాసిరి. 1929 పిమ్మట వ్రాసినవానిలోను నీ పిలుపు కానవచ్చును. శాల ఫాక్సుదైనను వ్రాసినవారికి గృహస్థుఁడు గ్రౌమనే.

ఈ యాచార మెట్లు పుట్టినదో చెప్పు కథలు మూఁడు గలవు. నార్మా టాల్మడ్జ్ అను నటి పొరపాటునఁ దడి సిమెంటులోఁ గాలు వేసినదని యొకటి. తానే కాలు వేసితి ననియు, వెంటనే మేరీ పిక్‌ఫర్డ్ వద్దకుఁ బోయితి ననియు 1937లో రేడియోలో గ్రౌమన్ చెప్పినది యింకొకటి. పనివాఁడైన జీన్ క్లాస్నర్ తాపీమేస్త్రుల కులాచారముగాఁ దన చేతిముద్ర వేయుచుండఁగాఁ జూచి గ్రౌమన్ గ్రహించెనని మూఁడవది. జనము మొదటి కథనే యెక్కువగాఁ జెప్పుకొందురు. ఫలకముల తేదులు దానికిఁ దోడ్పడవు. పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ దంపతుల ఫలకములు 1927 ఏప్రిల్ 30వ తేదివి. టాల్మడ్జ్ ఫలకము మే 18వ తేదిది. అయినను నొక్కమాట. ఫలకముపైఁ దేది ముద్రవేసిన దినమును దెలుపును గాని తలఁపు పుట్టిన దినమును దెలుపదు. దానశాసనపు తేది దానసంకల్పపు తేది కానట్లే. కావున మొదటి కథ యసంభవ మనరాదు, నిరాధార మనవలెను. మూఁడింటిలోను పనివానికథకే నేను మొగ్గుదును. తడిసిమెంటున మొదటఁ జేయి వేయువాఁడు మేస్త్రియే గదా.

తద్ధితాంతపదము దీనికంటెఁ గష్టమైనది. మన శాస్త్రమునఁ దద్ధితప్రత్యయము ‘అందుఁ బుట్టినది’, ‘అందుండి వచ్చినది’, ‘దానికి సంబంధించినది’, ‘దానితో రంగు వేయఁబడినది’ ఇత్యాదిగాఁ బలుతెఱఁగుల యర్థములనిచ్చును. ఈ శాల యే యర్థమునఁ ‘జైనీసు’? ఘంటలును, పగోడాలును, రాతిశునకములును జైనానుండి ప్రభుత్వానుమతితోఁ దెప్పించిరి. వానికి ‘అందుండి వచ్చినది’ యనునది చెల్లును. శిల్పములు కొన్ని మూన్ క్వాన్ అను చైనాకవి, చిత్రదర్శకుని పర్యవేక్షణమునఁ జైనాపనివాండ్రు చేసిరి. తక్కిన కట్టడమంతయు అమెరికా యుక్కు, అమెరికా సిమెంటు. దానికి రంగద్దుటయే యర్థము. ఇట్టిచోటఁ గాలస్థితిని మఱువరాదు. 1882 చట్టముచేఁ జైనాకూలీలకు అమెరికాప్రవేశము నిషిద్ధము. ఆ నిషేధము 1943లోఁ దొలఁగినది. రాతిశునకములకు నొసఁగిన యనుమతి యా దేశపు కూలివానికి లేని కాలమున నీ శాల వెలసినది.

అన్నా మే వాంగ్ అను నటి 1905లో లాస్ ఏంజెలెస్‌లోనే చీనావంశమునఁ బుట్టినది. ‘అందుఁ బుట్టినది’ యను నర్థమున నామె అమెరికాస్త్రీ. 1926లో శాలకుఁ బునాది యుత్సవము జరిగినపుడు టాల్మడ్జ్‌తోఁ గూడ నామెను బిలిచి కట్టడమున మొదటి యుక్కుచీలను గొట్టించిరి. పేరునకుఁ దగిన ముఖము గావలసియుండెను గాఁబోలు. పిదప ముంగిలిలోఁ దన చేయి యద్దుట కామెను బిలువలేదు. 1927 డిసెంబరు 12న టామ్ మిక్స్ అను నటునితోఁబాటు అతని గుఱ్ఱము టోనీ గిట్టలనుగూడ ముద్రవేయించిరి. సిడ్నీ పోయిటియర్ ముద్రలు 1967లోఁ బడినవి. నల్లజాతినటులలో మొదటివాఁ డతఁడే. వాంగ్ 1961లో మరణించినది. శాసనమునఁ గానరానివారు నాణెమునఁ గానవచ్చుట మన పరిశోధకులకుఁ గ్రొత్త కాదు. 2022లో అమెరికా ప్రభుత్వ మామె ముఖముతోఁ బావుడాలరు నాణెమును ముద్రించినది.

2013లో నామమును గొన్న టీసీఎల్ చైనాదేశపు టెలివిజను యంత్రముల సంస్థ. ఆ సంవత్సరము జూనులోనే హాంగ్‌కాంగ్ నటుఁడు జాకీ చాన్ ముంగిలిలోఁ జేతులద్దెను. ఎనుబదియాఱేండ్లు రంగుగా నున్న విశేషణమున కప్పటికి ‘దానికి సంబంధించినది’ యను మూఁడవ యర్థము గూడఁ గుదిరినది.