మాటకు చికిత్స నేర్పు విద్యాలయములు

1861లో పారిస్ నగరమున పాల్ బ్రోకా అను వైద్యుడు, మాట పడిపోయిన రోగి మెదడును అతని మరణానంతరము పరీక్షించి, ఎడమ ముందుభాగమున దెబ్బతిన్న చోటును కనుగొనెను. మాట పోవుట విధి శాపము కాదనియు, శాస్త్రమునకు అందు విషయమేననియు దీనివలన తేలినది.

మన దేశమున 1965లో మైసూరునందు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వెలసినది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో బొంబాయిలో జాతీయ సంస్థ ఏర్పడినది. తరువాత దాని ప్రాంతీయ కేంద్రము సికింద్రాబాదున నెలకొన్నది. 1992 నాటి పునరావాస మండలి చట్టము ఈ వృత్తికి గుర్తింపు పొందిన పట్టమును, నమోదును తప్పనిసరి చేసినది.

పట్టభద్రుడైన నిజామాబాదు విద్యార్థి ఉన్నత విద్యకై ఏ సంస్థను ఎన్నుకొనవలెను? పేరొక్కటే చాలదు. 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసిన బోధనులో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును వినవచ్చును. ఉర్దూలో ‘ళ’ లేదు; మరాఠీలో కలదు. ఇంట ఉర్దూ మాటలాడు బాలుడు ‘కళ్ళు’ను ‘కల్లు’ అనిన, అది రోగము కాదు, అలవాటు. తెలుగింటి పెద్దపిల్లవాడు అట్లే అనిన పరీక్ష అవసరము. ఈ తేడా తెలియని చికిత్సకుడు రోగము లేనివానికి చికిత్స చేయును, ఉన్నవానిని విడిచిపెట్టును.

కావున దరఖాస్తుకు ముందు అడుగవలసినది ఇది: ఆ సంస్థ చికిత్సాలయమునకు ఏ భాషల రోగులు వచ్చుచున్నారు?